కెప్టెన్ చేతిపట్టీకి కలిగిన అనుమానం

నేను ఒక చేతిపట్టీని. ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ ఎడమ చేతికి తొడుక్కునే గుడ్డముక్కను. ఇటలీ ఉత్తరాన ఒక లోదుస్తుల కార్ఖానాలో, మిగిలిపోయిన ఎలాస్టిక్‌తో పుట్టాను. నన్ను ముద్దుపెట్టుకుని మైదానంలోకి దిగిన వీరులకు ఈ సంగతి తెలియదు.

నా మొదటి యజమాని ఓడినప్పుడల్లా నన్ను నేలకేసి కొట్టేవాడు. రెండోవాడు వేరే జట్టుకు వెళ్లిపోతూ నన్ను సబ్బుపెట్టెలో మరిచిపోయాడు. అందుకే నేను మనుషులను తేలిగ్గా నమ్మను.

మూడోవాడు రుజ్జెరో బొన్‌ఫాంతె. మిడ్‌ఫీల్డర్. మైదానం నడుమ నిలబడి, బంతి ఎవరికి చేరాలో తేల్చేవాడు. అతని పాస్ కోసమే జనం టికెట్టు కొనేవారు. అలాంటివాడు ఆ ఏడాది కుడివైపుకు బంతి ఇవ్వడం మానేశాడు. అటు ఎజియో అనే కుర్రాడు గాలిలా పరుగెత్తి, చేతులెత్తి, ఉత్త కాళ్లతో వెనక్కి వచ్చేవాడు. బొన్‌ఫాంతె డబ్బు తీసుకుని అవతలి జట్లకు అమ్ముడుపోయాడని ఊరంతా గుసగుసలు. కుడివైపు నుంచి కేక వినబడినప్పుడల్లా నా కింద అతని నాడి దడదడలాడేది. తప్పు చేసినవాడి నాడి అలాగే కొట్టుకుంటుందని నేనూ తీర్మానించుకున్నాను.

చివరి మ్యాచ్‌లో ఓడితే జట్టు కింది శ్రేణికి పడిపోతుంది. సగం ఆట ముగిసేసరికి వెనకబడ్డారు. అక్కడ విరామంలో ఆటగాళ్లు వేడి టీ తాగుతారు. ఎజియో గ్లాసు పట్టుకుని బొన్‌ఫాంతె కుడిపక్కన నిలబడ్డాడు.

"ఎవరికి అమ్ముడుపోయావయ్యా కెప్టెన్? మా అమ్మ కూడా అడుగుతోంది. తీస్కో, టీ తాగి చెప్పు."

బొన్‌ఫాంతె అటు తిరగబోయాడు. మోచెయ్యి తగిలి గ్లాసు ఒలికింది.

"కళ్లు కనబడవా?" అని అరిచిన ఎజియో ఠక్కున ఆగాడు. కెప్టెన్ కుడికంటి ముందు చెయ్యి ఆడించాడు. రెప్ప పడలేదు.

"ఎన్నాళ్ల నుంచి?"

"చలికాలం నుంచి. డాక్టరుకి తెలిస్తే ఆ రోజే ఆపించేస్తాడు. ఆట తప్ప నాకింకేం వచ్చురా?"

"మేం ఎవ్వరం నోరు విప్పం అన్నా. నువ్వు ఆడు."

"నీ పరుగులు బూడిదపాలు చేసి ఆడమంటావా?"

దొంగ అనిపించుకుంటూ కూడా వదలని ఆటను అతను అప్పుడు వదిలాడు. నన్ను విప్పి ఎజియో చేతికి తొడిగాడు. నా అనుమానానికి సిగ్గుపడ్డాను. గుడ్డముక్కలు క్షమాపణ చెప్పలేవు.

ఆట నుంచి తప్పుకున్నవాళ్లు కూర్చునే బెంచీ మైదానానికి అవతలి వైపున ఉంది. బొన్‌ఫాంతె బయటికి రాగానే జనం ఈలలు వేశారు. ఆ దేశంలో ఈల అంటే తిట్టు. ఎజియో తన స్థానానికి వెళ్లలేదు. అందరూ చూస్తుండగా కెప్టెన్ భుజం మీద చెయ్యి వేసి, బెంచీ దాకా అతనికి కనబడే వైపునే నడిచాడు.