తిమ్మప్ప చూపిన దారి

గద్వాలలో మగ్గం నేసే తిమ్మప్పకు ఒక బలహీనత ఉంది. ఎనిమిదేళ్ల కూతురు సుహాసిని ఏమడిగినా సరే, "తెల్వదు" అనే మాట అతని నోట రాదు. ఇంట్లో ఉన్నంతకాలం దీనివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. చైత్ర పున్నమికి సలేశ్వరం జాతర చూపిస్తానని కూతుర్ని నల్లమల అడవిలోకి నడిపించుకుపోయిన రోజునే వచ్చింది చిక్కు.

జనం పెరగకముందే పోదామని ఇద్దరూ పొద్దున్నే బయల్దేరారు. బండ్లు ఆగే చోట దిగి కాలిబాట పట్టారు. ఆకు రాలిన చెట్ల మధ్య ఒక మాను మాత్రం తెల్లగా మెరుస్తోంది.

"నాయినా, గిదేం చెట్టు?"

తిమ్మప్ప బుద్ధెరిగాక అడవిలో కాలు పెట్టడం అదే మొదటిసారి. అయినా తడుముకోలేదు.

"సున్నం చెట్టు బిడ్డా. దసరాకు ఇండ్లకేసే సున్నం దీంట్లకెల్లే తీస్తరు."

ఇంకొంచెం ముందుకు పోతే బెరడంతా పగిలిన నల్లటి మాను కనిపించింది. తిమ్మప్ప నోట అది మాడిన రొట్టె చెట్టు అయింది. ఆ కొమ్మ మీదినుంచి ఒక నల్లపిట్ట లేచింది. దాని తోక చివర రెండు సన్నటి ఈకలు దారాల్లా వేలాడుతున్నాయి.

"గది పోగుపిట్ట. నేత అయిపోకముందే మగ్గం మీదికెల్లి ఉరికింది. గందుకే రెండు పోగులు ఏలాడుతున్నయి."

సుహాసిని నమ్మింది. అది మామూలే. వెనక వస్తున్నవాళ్లు కూడా నమ్మారు. బిజినేపల్లి నుంచి వచ్చిన ఎల్లన్న అనే రైతు, అతని తల్లి జంగమ్మ, చుట్టాలు, అంతా కలిసి పదమూడుమంది. ఎల్లన్న ఫోన్ ఎత్తిపట్టి చాలాసేపటి నుంచి వీడియో తీస్తున్నాడు.

"సారూ, జర గట్టిగ చెప్పుండ్రి. ఎనకున్నోళ్లకు ఇనొస్తలేదు."

తిమ్మప్ప జీవితంలో అతన్ని ఎవరూ సారూ అనలేదు. గొంతు పెంచాడు. ఆపైన రాళ్లకు, పుట్టలకు, ఆఖరికి ఎండిన వాగుకు కూడా పేర్లు పెట్టుకుంటూ పోయాడు.

బాట రెండుగా చీలిన చోట అందరూ ఆగి అతని ముఖంలోకి చూశారు.

"సారూ, ఎటు?" అన్నాడు ఎల్లన్న.

తిమ్మప్ప రెండు బాటలనూ మార్చి మార్చి చూశాడు. సుహాసిని అతని వేలు పట్టుకుని, పైకి చూస్తూ, ఎంతో నమ్మకంగా నిలబడి ఉంది.

"ఎడమకు," అన్నాడు.

అరగంట నడిచాక బాట ఒక సిమెంటు తొట్టి దగ్గర ముగిసిపోయింది. తొట్టి నిండా నీళ్లు. చుట్టూ పది పదిహేను కొండముచ్చులు కూర్చుని, వచ్చినవాళ్లను తేరిపార చూస్తున్నాయి.

"గిదేనా సలేశ్వరం?" అన్నారెవరో.

తిమ్మప్ప నోరు తెరిచేలోపే జంగమ్మ ముందుకొచ్చింది. తొట్టికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, నీళ్లు నెత్తిన చల్లుకుని, అంచు మీద టెంకాయ కొట్టింది. ఒక పెద్ద కొండముచ్చు తాపీగా నడిచొచ్చి, ఒక చిప్ప తీసుకుని, అంతే తాపీగా వెళ్లి తన చోట కూర్చుంది. అందరూ దండం పెట్టుకున్నారు.

అప్పుడే పొడవాటి కర్ర భుజానేసుకుని, చెట్ల బంక ఏరుకుంటూ అటుగా వచ్చింది ఈదమ్మ అనే చెంచు ఆమె. బొట్టు పెట్టిన తొట్టిని, చేతులు జోడించిన జనాన్ని చూసి నిలబడిపోయింది.

"గిది జంతువులు నీళ్లు తాగే తొట్టి గద! దీనికి మొక్కుతున్నరేంది? మిమ్ములను ఎవరు తీస్కొచ్చిన్రు ఈడికి?"

పదమూడు వేళ్లు తిమ్మప్ప వైపు తిరిగాయి.

"నేను చీరలు నేసేటోణ్ణి," అన్నాడతను నేల చూపులు చూస్తూ. "నాకు ఏం తెల్వదు. ఒక్క చెట్టు పేరు గూడ తెల్వదు."

తిడతారనుకున్నాడు. ఎల్లన్న నిజంగానే నోరు తెరిచాడు గానీ జంగమ్మ అడ్డొచ్చింది.

"ఊకో రా. దేవునికి కాయ ముట్టింది, చాలు. నువ్వయితే ఆయన చెప్పిందంత ఫోన్ల పెట్టుకుంటివి!"

ఈదమ్మ నవ్వీ నవ్వీ కర్రకు ఆనుకుంది. తెల్లది తపసి చెట్టనీ, తాను ఏరే బంక దానిదేననీ చెప్పింది. పగిలిన బెరడుది నల్లమద్ది. పిట్ట కథ మాత్రం రెండుసార్లు చెప్పించుకుంది.

"దానికి మీ పేరే మంచిగున్నది. గట్లనే ఉండనీ."

అందరూ ఈదమ్మ వెంట వెనక్కి నడుస్తుంటే సుహాసిని తండ్రి వేలు వదలకుండా నడిచింది. తర్వాత దారిలో పడి ఉన్న ఒక ఎండుకాయ తీసి చూపించింది.

"గిదేంది నాయినా?"

"తెల్వదు బిడ్డా," అన్నాడు తిమ్మప్ప. చెప్పాక ఊపిరి తేలిగ్గా ఆడింది.

"నాకు గూడ తెల్వదు. పా, ఉరికిపోయి ఆమెనడుగుదాం."

ఇద్దరూ పరుగెత్తారు. ఆ కాయ పేరుతో ఆగలేదు. సలేశ్వరం లోయ అంచు చేరేదాకా కూతురి కన్నా తండ్రే ఎక్కువ ప్రశ్నలు అడిగాడు. ఈదమ్మకు విసుగొచ్చి, "జర పిల్లను గూడ అడగనీ అన్నా," అంది.

బండల మీదినుంచి కిందికి దిగేటప్పుడు తిమ్మప్ప బండ పట్టుకుని ఆగిపోతే సుహాసినే ముందు దిగి, ఏ రాయి మీద కాలు పెట్టాలో చూపించింది. పైనుంచి పడుతున్న ధార కింద నిలబడగానే చలికి అతను పెట్టిన కేక లోయంతా మోగింది. జంగమ్మ ఆ కేకను భక్తి అనుకుని తానూ అంతే గట్టిగా కేక వేసింది. ఆమె వెనక పన్నెండుమందీ వేశారు. సుహాసినికి నవ్వి నవ్వి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. తడిబట్టలతోనే ఒక బండ మీద కూర్చుని, అందరూ కలిసి జొన్నరొట్టెలు, పల్లీల పొడి తిన్నారు.