పచ్చ గళ్ళు

"కూరలో ఉప్పు తగ్గినట్టుందండీ" అంది ఆమె, తను వండిన కూర గురించే.

భర్త కంచంలోంచి తలెత్తాడు. "మాత్ర వేసుకున్నావా?"

వేసుకుంది. పొద్దున ఒకటి, రాత్రి రెండు చొప్పున మూడేళ్ళుగా వేసుకుంటూనే ఉంది. అయినా ఆ ఇంట్లో ఆమె ఏం మాట్లాడినా ముందు మాత్ర సంగతి తేలాలి. పక్కింటావిడ మొగుడి మీద కేకలేస్తే అది సంసారం, ఈమె గొంతు కాస్త లేస్తే అది బైపోలార్. ఆ పేరుకి నోరు తిరగని అత్తగారు దాన్ని "పైకీ కిందకీ జబ్బు" అంటుంది. నిజం చెప్పాలంటే డాక్టర్లు పెట్టిన పేరు కన్నా అదే నయం.

మూడు నెలల కిందట డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చింది. రోజుకో గడి. ఎన్ని గంటలు నిద్రపోయారు, మనసెలా ఉంది, రోజూ రాసుకోండి అని చెప్పి, "ఇంట్లోవాళ్ళు కూడా కాస్త గమనిస్తుంటే మంచిది" అని ఒక మాట చేర్చింది. భర్తకి ఆ మాట చాలు. ఆయన గోడౌన్‌లో సూపర్‌వైజరు. ఏ సరుకు బాగుంది, ఏది పాడైంది అని చార్టు వేసి గోడకి అంటించడం ఆయన ఉద్యోగం. కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి, మంచి రోజుకి పచ్చ పెన్నూ చెడ్డ రోజుకి ఎర్ర పెన్నూ కొనుక్కొచ్చాడు. "నీకెందుకు శ్రమ, నేను రాస్తాలే" అన్నాడు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆమె పని ఒకటి ఆయన తన నెత్తిన వేసుకోవడం అదే మొదలు.

సాయంత్రం చెప్పులు విప్పుతూనే తల్లిని అడుగుతాడు, "ఇవాళ ఎలా ఉందమ్మా?" అని, బయట వాన పడుతోందా అని అడిగినట్టు. ఆమె అక్కడే ఉల్లిపాయలు తరుగుతూ ఉంటుంది. "ఇవాళ బంగారంరా. చెప్పకుండానే అటకంతా దించి దులిపింది" అంటే పచ్చ. "ఏమోరా, ముఖం మాడ్చుకుని కూర్చుంది" అంటే ఎర్ర. పనిచేసే షాపులో తొమ్మిది గంటలు నిలబడి వచ్చిన ముఖం ఎలా ఉంటుందో రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు. ఆడపడుచు పిల్లలతో సహా వచ్చి పదిరోజులు ఉంటానని కబురు చేసిన నాడు, "నాకు సెలవు దొరకదు అత్తయ్యా, ఈసారి అందరి వంటా నా వల్ల కాదు" అంది. గొంతు పెంచలేదు, చేతిలో గిన్నె కూడా చప్పుడు కానివ్వలేదు. ఆ గడికి ఎర్ర రంగు నింపి, కింద రెండు గీతలు కూడా గీశాడు మహానుభావుడు.

చూడగా చూడగా ఆమెకీ అనుమానం పట్టుకుంది. కోపం వచ్చినప్పుడల్లా దాన్ని తిరగేసి మరగేసి చూసుకుంటుంది, ఇది నాదా, జబ్బుదా అని. ఆ విచారణ పూర్తయ్యేలోపు కోపం తెప్పించిన మనిషి భోంచేసి గుర్రుపెడుతూ ఉంటాడు. ఇంతకన్నా ఒంటరితనం ఇంకోటి ఉంటుందని ఆమె అనుకోదు.

ఈ వారం మాత్రం అన్నీ పచ్చ గళ్ళే. పన్నెండింటి దాకా నిద్ర రాదు, మూడింటికల్లా మెలకువ, ఒళ్ళు దూదిపింజ. కర్టెన్లన్నీ ఉతికింది, వంటింటి అరలకి రంగు వేసింది, దిగబడిన ఆడపడుచు కుటుంబంతో కలిపి తొమ్మిదిమందికి మూడు పూటలా వండింది. నా వల్ల కాదన్న నోటితోనే "ఇంకేం చేయమంటారు" అని అడిగింది. "ఇలా ఉంటే ఎంత బాగుంటావో తెలుసా" అన్నాడు భర్త. "ఆ జబ్బేదో మాకూ వస్తే బాగుండు" అని ఆడపడుచు నవ్వింది. అత్తగారు దగ్గరికి పిలిచి తల నిమిరింది. ప్రేమ ఎవరికి చేదు? ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆమె పని కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించడం. ఆవగింజంత స్క్రూలు, చెయ్యి నిలకడగా ఉండాలి. డోసు పెంచినప్పుడల్లా ఆమె వేళ్ళు వణుకుతాయి. కిందటిసారి యజమాని స్క్రూడ్రైవర్ తీసేసుకుని రెండు నెలలు డబ్బాలు తుడవడానికి కూర్చోబెట్టాడు. అలాంటిది, నిన్న మధ్యాహ్నానికే ఇరవై జోళ్ళు బిగించేసింది. సాయంత్రం ఒక పెద్దాయన మెట్ల మీద పడబోయి తిరిగొచ్చాడు. గుండ్రటి ఫ్రేము కదా, ఏ అద్దం ఎటు పెట్టినా సరిపోతుంది. కుడిది ఎడమకీ ఎడమది కుడికీ బిగించింది. క్షమించండి అనాల్సిన చోట ఆమెకి నవ్వొచ్చింది. ఆయన ముఖం చిన్నబోయినా నవ్వు ఆగలేదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. మూడేళ్ళ కిందట కూడా ఇలాంటి నవ్వుతోనే మొదలైంది. దాని తర్వాత నాలుగు నెలలు మంచం దిగలేదు, తల దువ్వుకోలేదు. అప్పుడు తల నిమిరినవాళ్ళు ఎవరూ లేరు. "ఎంతకాలం పడుకుంటావ్" అన్నవాళ్ళే.

ఇవాళ భోజనాలయ్యాక భర్తే వెంటపెట్టుకుని ఆస్పత్రికి తీసుకొచ్చాడు. డాక్టరమ్మ బల్ల మీద కాగితం పరిచి, అణాకానీ తేడా లేకుండా అప్పజెప్పాడు.

"ఎర్ర గళ్ళు పద్నాలుగు మేడం. ఈ వారం బ్రహ్మాండంగా ఉంది. ఆ ఎదురుచెప్పడం ఒక్కటి తగ్గేలా ఏదైనా మాత్ర రాస్తే సరిపోతుంది."

డాక్టరమ్మ కాగితం మీద వేలు జరుపుకుంటూ పోయింది. "నిద్ర రోజూ ఏడు గంటలేనా? మూడు నెలల్లో ఒక్క రోజు కూడా తేడా లేదే."

"పదింటికల్లా పడుకుంటాం మేడం. ఐదింటికి లేస్తాను. లెక్క ప్రకారం ఏడు."

డాక్టరమ్మ ఆమెవైపు తిరిగింది. "మీరేమంటారమ్మా?"

ఏమీ అనకపోతే పచ్చ గళ్ళు ఇంకొన్నాళ్ళు సాగుతాయి. ఇంట్లో బంగారం అనిపించుకోవచ్చు, చెయ్యి వణకదు, ఈ దూదిపింజ హాయీ ఎక్కడికీ పోదు. ఇంకో వారం ఉండనీ, ఒక్క వారం అని లోపల ఎవరో బతిమాలుతున్నారు. ఆ గొంతూ తనదే. దానికి ఆశపడితే ఏమవుతుందో కూడా ఆమెకి తెలుసు. భయం వేసింది. ఒళ్ళో రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"ఆ ఏడు గంటలు ఆయన నిద్ర డాక్టరమ్మా. ఈ వారమంతా నేను పడుకుంది రాత్రికి మూడు గంటలే."

"నాతో ఎప్పుడూ అనలేదే" అన్నాడు భర్త. "మాత్ర వేసుకున్నావా ఇవాళ?"

ఆమె కాగితాన్ని తనవైపు తిప్పుకుంది.

"నాకు జబ్బు వచ్చింది ఈ వారం పచ్చ గళ్ళలో. చేతులు వణికినా సరే, మందు వీటికి రాయండి" అంది. "ఎర్రవాటికి వద్దు. ఆ పద్నాలుగు రోజులూ నేను బాగానే ఉన్నాను."