ఆరు బారల లోతులో

వాడరేవు తీరానికి మైలున్నర దూరంలో పేరయ్య పడవ లంగరు మీద ఊగుతోంది. 1987 ఫిబ్రవరి, పొద్దున పదిన్నర కావస్తోంది. సంతోషకుమారి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నీళ్లలోకి వేలాడదీసిన మైకు పట్టి ఇచ్చే శబ్దం వింటోంది. ఐదు సెకన్లకోసారి ఒక టిక్కు.

అది ఆమె యంత్రం చేసే చప్పుడు. గుంటూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరు ఆమె. మనిషి పొడవున్న ఆ అల్యూమినియం గొట్టం, తీగ గానీ నడిపే మనిషి గానీ లేకుండా సముద్రం అడుగున ఒక చుట్టు తిరిగి, తనంతట తాను వెనక్కి రావాలి. దారిలో ఏది అడ్డొస్తే ఏం చెయ్యాలో తేల్చుకునే ప్రోగ్రామంతా మూడేళ్లు కూర్చుని ఆమే రాసింది.

పదీ ఇరవైకి రావలసినది రాలేదు. పదీ పన్నెండుకే, దాన్ని నీళ్లలో ముందుకు నెట్టే ఫ్యాను మోత ఆగిపోయింది. టిక్కులు మాత్రం ఒకే చోటి నుంచి వస్తున్నాయి.

"చిక్కుకుందండీ," అంది, పక్కనున్న డిపార్ట్‌మెంటు హెడ్ రాధాకృష్ణమూర్తిగారితో.

"మరి పైకి తేలదేమమ్మా?"

"చిక్కుకుంటే మోటారు కాలిపోకుండా ఫ్యాను ఆపి, ఇరవై నిమిషాలు ఆగమని రాశానండీ. ఆ తర్వాత వెనక్కి తిప్పి విడిపించుకుంటుంది."

చుక్కాని దగ్గర కూర్చున్న పేరయ్య లేచాడు. "నా వలే అయ్యుంటది మేడమ్. మొన్న ఇక్కడే తెగిపోయింది. ఆరు బారల లోతేగా, కోసేసి వస్తా."

మొలలోని కత్తి నోట కరుచుకుని దూకేశాడు.

ఆమె గడియారం చూసుకుంది. పదీ ముప్పై. ఇంకో రెండు నిమిషాల్లో ఫ్యాను తిరుగుతుంది.

"పేరయ్యా! ఆగు!"

అప్పటికే నీళ్లు మూసుకుపోయాయి.

"ఆపలేవా దాన్ని?" హెడ్‌గారు పడవ అంచు పట్టుకుని వంగారు.

"లేదండీ. దానికి మన మాట వినపడదు."

దానికి ఇక ఎవరి మాటా అక్కర్లేదనేగా ప్రతి రిపోర్టులోనూ ఇద్దరూ గొప్పగా రాసుకున్నారు! రాయి తగిలితే, వల తగిలితే, బ్యాటరీ తగ్గితే, అన్నీ ఆలోచించింది. ఫ్యాను పక్కన మనిషి చెయ్యి ఉంటే? ఆ ప్రశ్న మూడేళ్లలో ఒక్కసారీ ఆమెకు తట్టలేదు.

ప్రభువా, ప్రభువా అనుకుంటూ పెద్ద స్పానర్ తీసి, లంగరు గొలుసును నీళ్లలోకి వంగి మరీ బాదసాగింది. నీళ్లలో చప్పుడు దూరం పోతుంది. పైకి రమ్మంటున్నారని అతనికి అర్థమవుతుందో, లేదో. కొడుతూనే ఉంది. హెడ్‌ఫోన్లలో ఒక్కసారిగా ఫ్యాను బుర్రుమంది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఎంతసేపో. పడవకు అవతలి వైపు పేరయ్య తల తేలింది. ఇద్దరూ రెక్కలు పట్టి లాగారు. కుడి చేతి రెండు వేళ్లు ఎముక దాకా తెగి, రక్తం కారుతోంది.

"గొలుసు మోత విని చెయ్యి ఎనక్కి తీస్తన్నా. అంతలోనే తిరిగింది," అన్నాడు రొప్పుతూ.

వంద గజాల అవతల, వల పీలికలతో యంత్రం పైకి తేలింది.

"వచ్చేసింది! పనిచేసిందమ్మా!" అని లేచిన హెడ్‌గారు, పడవలో రక్తం చూసి కూర్చుండిపోయారు. సంతోషకుమారి అటు చూడలేదు. కొంగు చింపి వేళ్లకు కడుతోంది.

చీరాల ఆసుపత్రిలో పదకొండు కుట్లు వేశారు. వేళ్లు దక్కుతాయన్నాడు డాక్టరు.

"నేనక్కడున్నట్టు దానికి తెలుసా అమ్మా?" అడిగాడు పేరయ్య.

"తెలియదు. మనిషుంటాడని దానికి నేను చెప్పలేదు. తప్పు నాది."

అతను కట్టు వంక చూసుకున్నాడు. "మరి ఇప్పుడు చెప్తారా?"

"ఎలా చెప్పాలో నాకింకా తెలీదు పేరయ్యా. తెలిసేదాకా దాన్ని నీళ్లలో దించను."

గుమ్మంలో నిలబడ్డ హెడ్‌గారు నసిగారు. "వచ్చే నెల ప్రాజెక్టుకు డబ్బిచ్చే మద్రాసు వాళ్లు చూడ్డానికి వస్తున్నారమ్మా."

"రావద్దని రాయండి సార్. ఎందుకో కూడా రాయండి."

ఆయన జేబులో పెన్ను ఉందో లేదో తడుముకుని, పోస్టాఫీసు ఎటని నర్సును అడిగారు.