తొవ్వలనే ఉన్న

నాకు నోరెక్కువ. చిట్యాలలో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. ముప్పై ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా పిల్లల తల్లులను మందలించిన నోరు కదా, రిటైరయ్యాక ఇంట్లో ఊరికే ఉండనిస్తుందా? మంచాన పడ్డ ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి తోడుండే వాలంటీర్లతో చేరాను. ముసలివాళ్ల కోసమని అంటారు గానీ, నిజానికి ఇది వాళ్లను చూసుకునేవాళ్ల కోసం. మేం కూర్చుంటే వాళ్లు కాసేపు బయటికి వెళ్లొస్తారు.

నా వంతుకు వచ్చింది వీరయ్య ఇల్లు. పక్షవాతం వచ్చి ఆయనకు ఎడమ కాలూ చెయ్యీ సరిగ్గా పనిచేయవు. భార్య పోయి చాలా ఏళ్లయింది. కొడుకు నగేశ్‌కు భూపాలపల్లిలో బొగ్గుబాయి డ్యూటీ. ఇక చూసుకునేది కోడలు పుష్ప ఒక్కతే. ఆమెకు వారం మొత్తంలో దొరికేది గురువారం మధ్యాహ్నం, రెండు నుంచి ఐదు దాకా. అదీ నేను వెళ్తేనే.

వీరయ్యకు ఆడవాళ్లను పిలిచి బాత్‌రూంకు తీసుకుపొమ్మనాలంటే సిగ్గు. ఆపుకుంటాడు, ఇక ఆగలేనప్పుడు తానే లేవబోతాడు. ఇది నేను రెండు వారాల్లో కనిపెట్టాను. రెండున్నర కాగానే, "బాపూ, కూసోని కూసోని నా కాళ్లు పట్టుకున్నయ్. జర నాతోని నడువు," అని లేపేదాన్ని. అటువైపే నడిపించి, తలుపు దగ్గర వదిలేసి, పెరట్లో బీరపాదు చూస్తున్నట్టు నిలబడేదాన్ని. ఆయన అడిగినట్టూ ఉండదు, నేను తీసుకుపోయినట్టూ ఉండదు. ఈ ఉపాయం గురించి నలుగురిలో చెప్పుకొని తెగ మురిసిపోయాను కూడా.

ఆ గురువారం సాయంత్రం వాలంటీర్లందరికీ శాలువాలు కప్పుతారని కబురొచ్చింది. ఇక నా కాలు ఒక్కచోట నిలవలేదు. ఉన్నవాటిలో మంచి పట్టుచీర తీసి, ముడతలు పోలేదని రెండోసారి ఇస్త్రీ చేస్తున్నాను. రెండుకు పది నిమిషాలుందనగా పుష్ప ఫోన్ చేసింది.

"అక్కా, యాడిదాక వచ్చినవ్? రెండింటి బస్సుకు పోవాలె. మూడు నెల్ల సంది పన్ను సలుపుతనే ఉన్నది. ఇయ్యాల పీకించుకొనస్త."

"తొవ్వలనే ఉన్న. ఐదు నిమిషాలు. నువ్వు బస్సెక్కు," అన్నాను, ఇస్త్రీపెట్టె చీర మీద నడుపుతూనే.

దారిలో ఉన్నానన్నది అబద్ధమని కూడా నాకు తోచలేదు. మా దగ్గర అందరూ అంతే. స్నానానికి నీళ్లు కాగబెట్టుకుంటున్నవాడు కూడా తొవ్వలనే ఉన్న అంటాడు.

నేను వెళ్లేసరికి పావు తక్కువ మూడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. వీరయ్య బాత్‌రూం గడప మీద పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. లుంగీ తడిసిపోయింది. నన్ను చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అంత నొప్పిలోనూ ఆయనకు సిగ్గే ముందొచ్చింది. అది చూసి నా మీద నాకే అసహ్యం వేసింది. పట్టుచీర కొంగుతోనే ఆయన కాళ్లు తుడిచి, పక్కింటివాళ్లను కేకేశాను.

తుంటి ఎముక విరిగింది. బయ్యారంలో ఉండే ఆయన కూతురు అండాలు చీకటి పడకముందే దవాఖానకు వచ్చేసింది. పుష్ప ఫోన్‌లో సంగతి తెలిసి సగం దారిలో బస్సు దిగి వెనక్కి వచ్చిందట. చెంప వాచి ఉంది. పన్ను అలాగే ఉంది.

"పన్ను నొస్తే పానం పోతదా?" అని అండాలు అందరి ముందూ అడిగింది. "లేవలేని మనిషిని ఒక్కన్నే ఇడిచిపెట్టి బస్సెట్ల ఎక్కబుద్ధయింది నీకు?"

పుష్ప కొంగు చెంపకు అదుముకుంది. డ్యూటీ నుంచి వచ్చిన నగేశ్ పెళ్లాం వైపు చూడలేదు. అండాలు నావైపు తిరిగి నా రెండు చేతులూ పట్టుకుంది. "పరాయిదానివైనా టైముకు వచ్చి మా బాపును బతికించినవ్ అక్కా. ఇంటిదానికి గంత సోయి లేకపాయె."

ఊరందరి మీదా లేచే నా నోరు అక్కడ మాట మార్చింది. "ముందుగాల ఆయన సంగతి చూడుండ్రి," అన్నాను. అంతే అన్నాను.

"తప్పయింది వదినా," అంది పుష్ప. అది నేను అనాల్సిన మాట.

పది రోజులు అన్నం సహించలేదు. శాలువా ఇంటికి పంపిస్తే విప్పి చూడలేదు. ఆపరేషన్ అయి వీరయ్య ఇంటికి వచ్చాక, గురువారం పొద్దున్నే గట్టిగా అనుకుని బయలుదేరాను. అండాలు ముందరింట్లో తండ్రి దగ్గర కూర్చుని ఉంది. నేను తిన్నగా వంటింట్లోకి వెళ్లాను. పుష్ప జావ కలుపుతోంది.

"పుష్పా, ఆనాడు నేను తొవ్వల లేను. ఇంట్లనే చీర ఇస్త్రీ చేసుకుంటున్న. గీ మాట ఇప్పుడే మీ వదినకు చెప్త."

ఆమె గరిటె ఆపలేదు. "నాకు తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"తొవ్వల ఉన్న అంటే ఇంట్లనే ఉన్నట్టని ఎవలికి తెల్వది? నేను కూడ గట్లనే అంట. అరగంట అయితదని తెలిసే పోయిన. పన్ను అంత సలిపింది. ఒక్క అరగంటకు ఏమైతది తీ అనుకున్న."

నాకు ఒక్క క్షణం ప్రాణం తేలికైంది. అలా తేలికైనందుకు మళ్లీ సిగ్గేసింది. "అయినా చెప్త. నీ మీద పడ్డ మాట నా మీదికి రావాలె."

పుష్ప గరిటె పక్కన పెట్టి నా ముంజేయి పట్టుకుంది. "చెప్పకు. చెప్తే నిన్ను ఇంట్లకు రానియ్యరు. నిన్నే కాదు, ఎవలనూ రానియ్యరు. పడాల్సిన మాటలు పడ్డ, అయిపోయింది. నీ మనసు తేలిక చేసుకొనీకి నా గురువారం గుంజుకోకు అక్కా."

ఆమె చెంప ఇంకా వాచే ఉంది. నేను నేర్చుకుని వచ్చిన మాటలన్నీ వంటింట్లోనే వదిలేసి ముందరింట్లోకి నడిచాను.

"అండాలూ, పుష్పను బస్సుకు పంపు. పన్ను పీకించుకొనస్తది. బాపు దగ్గర నేనుంటా."

అండాలు వంటింటి వైపు ఒకసారి చిరాగ్గా చూసి, మళ్లీ నన్ను చూసి మెత్తబడింది. కుర్చీ లాగి మంచం పక్కన వేసింది.

"నువ్వున్నవంటే నాకు రంది లేదక్కా," అంది. "నీ అంత నమ్మకం నాకు ఎవల మీదా లేదు."

కాదని అనలేదు. ఆ కుర్చీలో కూర్చున్నాను.