కనబడని కొట్టు

కంప్యూటర్ తెర మీద పళ్ళ డాక్టరు నవ్వుతున్నాడు. ఆ నవ్వు కింద ఏం రాయాలో ఎంక్వయిరీ అక్క పొద్దుటి నుంచి రాస్తూ చెరిపేస్తూ ఉంది. 'అత్యాధునిక దంత సంరక్షణ కేంద్రం' అని రాయమని డాక్టరు పంపాడు. దవడ పట్టుకుని మూలుగుతున్నవాడు ఎవడైనా ఆ మాటలు కొట్టి వెతుకుతాడా? ఆమె దాన్ని తీసేసి 'పన్ను పోటు, చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటోంది' అని రాసింది. చదువుకున్నవాళ్ళకి నొప్పిని నొప్పి అనడానికి ఎందుకంత నామోషీయో ఆమెకు ఏనాడూ అర్థం కాలేదు.

ఆఫీసులో అందరూ అక్కా అనే పిలుస్తారు గానీ ఆ పిలుపులో చుట్టరికం కన్నా భయం పాలు ఎక్కువ. కోపం ఆమె ముక్కు మీదే ఉంటుంది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు. ఎడమ చెవి పైన మాత్రం ఆ జుట్టు పలచబడి చర్మం కనిపిస్తుంది. వయసంతా టెలిఫోను ఆఫీసులో చెవులకు తగిలించుకున్న హెడ్‌సెట్ ఒరిపిడి అది. అక్కడ ఎంక్వయిరీలో కూర్చునేది. ఫోను చేసినవాళ్ళు కొట్టు పేరు అడిగేవాళ్ళు కాదు, తమ బాధ చెప్పుకునేవాళ్ళు. ఫ్యాను తిరగడం లేదని, తాళంచెవి తాళంలోనే విరిగిపోయిందని, పాపకు జ్వరమని. ఆమె కసురుకుంటూనే సరైన నంబరు చెప్పేది. కసిరినా తప్పు నంబరు మాత్రం ఇచ్చి ఎరగదు.

ఆ సెక్షను ఎత్తేశారు. జనం అడగడం మానలేదు, మనిషిని అడగడం మానేశారు, అంతే. ఇప్పుడు తమ బాధను సెర్చ్ అనే ఒక పెట్టెలో టైపు చేస్తున్నారు. ఆ పెట్టె తీసిచ్చే జవాబుల్లో చిన్న చిన్న కొట్లవాళ్ళ సైట్లు పైకి వచ్చేలా చూడడం ఈ ఆఫీసు పని, అందుకు కావలసిన మాటలు రాయడం ఆమె పని. పాత ఉద్యోగమే ఇది, వినే చెవి ఒక్కటే మారిందని ఆమె సర్దుకుంది.

టీ వచ్చింది. టీతో పాటు రావలసిన ఫోను రాలేదు.

ప్రతి సోమవారం ఈ వేళకు కుట్టుమిషన్లు బాగుచేసే మెకానిక్కు ఫోను చేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. కొట్టు సందులో లోపలికి ఉంటుంది, తెలిసినవాళ్ళు తప్ప ఎవరూ రారు. ఆ తెలిసినవాళ్ళు కూడా తగ్గిపోతుంటే కొట్టు నిలబెట్టుకోవడానికి సైటు చేయించుకున్నాడు. ఆమె ఆయన్ని ఎన్నడూ చూడలేదు. ఫోనులోనే అడిగి అడిగి, మిషను మొరాయిస్తే ఆడవాళ్ళు ఏమంటారో ఆ మాటలే పేజీలుగా రాసింది. దారం తెగుతోంది. కుట్టు జారుతోంది. సూది గుడ్డను లోపలికి లాగేస్తోంది. ఈమె పేజీ రాయడం, ఆయన మళ్ళీ సోమవారం ఫోను చేయడం. "ఎవరన్నా వస్తున్నారామ్మా, మన కంప్యూటర్ చూసి?" అని ఆయనే ఈమెను అడిగేవాడు. పాపం, కొట్టులో కూర్చున్నది ఆయనే అయినా.

ఒకసారి సంబరంగా బల్ల కొన్నానని చెప్పాడు. వచ్చినవాళ్ళని నిలబెట్టి మాట్లాడితే ఏం మర్యాద అన్నాడు. "కవరు తీయలేదమ్మా. కంప్యూటర్ చూసి వచ్చినవాళ్ళే ముందు కూర్చోవాలి." కిందటి సోమవారం మాత్రం గొంతు తగ్గించి, "నా చెయ్యి పాడైపోయిందేమోనమ్మా, ఆ సంగతి జనానికి తెలిసిపోయింది కాబోలు," అన్నాడు. అలాంటి పిచ్చి మాటలు అనొద్దని ఆమె ఫోనులోనే కేకలేసింది.

టీ చల్లారింది. ఫోను మోగలేదు. ఊరుకోలేక ఆమె ఆయన సైటు తెరిచింది. ఎప్పుడూ తాను రాసే పేజీలు కాక, తమ ఆఫీసు యజమాని తప్ప ఎవరూ ముట్టుకోని సెట్టింగుల గదిలోకి వెళ్ళింది. అక్కడ ఒక చిన్న గడి, అందులో ఒక టిక్కు ఉంది.

కడుతున్న సైటు సగం సగంగా జనం కంట పడకూడదని, 'సెర్చ్ ఇంజన్లు ఇటు రావద్దు' అనే గడిలో టిక్కు పెట్టి ఉంచుతారు. పని పూర్తయ్యాక దాన్ని తీసేయాలి. ఎవరూ తీయలేదు. ఏడాది పొడుగునా ఆమె రాసిన ప్రతి మాటా ఊరందరినీ భోజనానికి పిలిచి వీధి తలుపుకు గడియ పెట్టుకున్న చందమైంది. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముందు టిక్కు తీసేసి, ఒకసారి వచ్చి చూసిపొమ్మని సెర్చ్ ఇంజన్‌కు కబురు పెట్టి, ఆ తరువాతే యజమాని గదిలోకి వెళ్ళింది.

యజమాని విని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. ఆయన వెనక గోడ మీద, మెకానిక్కుతో చేతులు కలిపిన ఫోటో ఉంది. సైటు మొదలైన రోజున ఈయనే స్వయంగా కొట్టుకు వెళ్ళి, అక్షరం పొల్లుపోకుండా సైటు చిరునామా ఫోనులో కొట్టి, చూశారా ఎలా వచ్చిందో అని చూపించి వచ్చాడు. చిరునామా కొడితే రాక ఛస్తుందా, వెతికితే కదా రానిది? ఆ ముసలాయన నమ్మాడు. నమ్మి నవ్వుతూ ఫోటో దిగాడు.

"తీసేశారు కదా మేడమ్, ఇంకేంటి? వచ్చే నెల నుంచి జనం వస్తారు. మన కష్టం ఫలించిందని చెబుదాం. పాతది తవ్వడం దేనికి?"

"తన చెయ్యి పాడైందనుకుంటున్నాడు ఆయన."

"చెప్పడం మీ పని కాదు."

"నా బతుకంతా చెప్పడమే నా పని," అని ఆమె సంచీ తీసుకుంది. ఈ గుమ్మం దాటితే మళ్ళీ రానక్కర్లేదని వెనక నుంచి యజమాని అన్నాడు. ఆమె తలుపును ఎంత విసురుగా వేసిందంటే, ఆఫీసులో టైపు చేస్తున్న చేతులన్నీ ఆగిపోయాయి.

ఆయనకు చేసిన ఫోను ఎవరూ ఎత్తలేదు. బస్సులో కూర్చుని దారి పొడుగునా ఆమె తిట్టుకుంది. యజమానిని తిట్టింది, పెట్టెను తిట్టింది, రాయడమే తప్ప ఒక్కసారైనా జనంలా వెతికి చూడని తనను అందరికన్నా ఎక్కువ తిట్టింది. ఆ కోపంలోనే ఫోను తీసి 'దారం తెగుతోంది' అని కొట్టింది. పెద్ద కంపెనీలవాళ్ళంతా వరసగా వచ్చారు. కిందికి, ఇంకా కిందికి జరిపితే, అట్టడుగున ఉంది ఆయన కొట్టు. తాను రాసిన మాటలే. పక్కసీటు మనిషి వింతగా చూస్తున్నా ఆమె పైకే నవ్వింది. ఇది ముందు ఆయనకు చూపించాలి, తిట్లు తినడం తరువాత.

కొట్టు షట్టరు సగం ఎత్తి ఉంది. వంగి లోపలికి వెళ్ళింది. మిషన్లు ఒక్కటీ లేవు. గోడలకు నూనె మరకలు, గచ్చు మీద మిషన్ల కాళ్ళు ఆనిన గుర్తులు. ఒక పెద్దావిడ గొంతుక్కూర్చుని, దారం కట్టిన అయస్కాంతాన్ని నేల మీద పాకిస్తూ, రాలిపోయిన సూదుల్ని ఏరుతోంది. రేపటికల్లా కొట్టు ఖాళీ చేయాలట, తరువాత వచ్చేవాళ్ళ కాళ్ళలో గుచ్చుకుంటాయట. ఆవిడ మెకానిక్కు భార్య.

ఎంక్వయిరీ అక్క తానెవరో చెప్పింది. పెద్దావిడ తలెత్తి, "సోమవారాలు మాట్లాడే అమ్మాయివా?" అంది. తరువాత అయస్కాంతం వైపు చూస్తూ, "గురువారం పోయారమ్మా. నిద్రలోనే," అంది.

దారి పొడుగునా కూడబెట్టుకున్న తిట్లన్నీ ఎంక్వయిరీ అక్క దగ్గరే మిగిలిపోయాయి. ఎవర్ని తిట్టాలి? చెప్పవలసింది చెప్పేసింది. టిక్కు సంగతి, ఏడాది సంగతి, ఆయన చేతిలో ఏ లోపమూ లేదన్న సంగతి, ఏదీ దాచలేదు.

"కొట్టుని ఎవరు దాచారు?"

"మేమే అమ్మగారూ."

పెద్దావిడ కేకలు వేస్తే బాగుండును. వేయలేదు. అయస్కాంతానికి అంటిన సూదుల్ని ఒక్కొక్కటే డబ్బాలోకి రాల్చింది. "ఆ మాట ఆయనకి చెప్పాల్సింది. రాత్రిళ్ళు చేతులు చూసుకుంటూ కూర్చునేవారు," అంది. డబ్బాకు మూత పెట్టి మళ్ళీ అడిగింది. "ఇప్పుడు కనపడుతోందా మరి?"

కనపడుతోందని ఎంక్వయిరీ అక్క ఫోను ముందుకు చాపింది. పెద్దావిడ ఆ అక్షరాల కేసి చూసి, చీర చెంగుతో తెర తుడిచి తిరిగి ఇచ్చేసింది.

"తీసెయ్యమ్మా. పాపం, ఎవరో మిషను మోసుకుని ఇంత దూరం వస్తారు. మూసిన కొట్టు చూసి వెళ్ళాలి."

సైట్లు తెరిచే ఆఫీసు పాస్‌వర్డు ఇంకా ఆమె ఫోనులోనే ఉంది. నిలబడే ఆ సెట్టింగుల గది తెరిచింది. తప్పు నంబరు ఏనాడూ ఇవ్వని మనిషి, ఒక మంచి కొట్టుకు దారి తెలిసీ, తన వేలితోనే ఆ టిక్కును మళ్ళీ పెట్టింది. కోపం తగ్గలేదు, దానికి పోవడానికి చోటు లేదు, అంతే.

"నిలబడే ఉన్నావు, కూర్చోమ్మా," అంది పెద్దావిడ గోడ వైపు చూపించి.

ఆమె కూర్చోలేదు. గోడవారగా కొత్త బల్ల ఉంది, కాళ్ళకు చుట్టిన అట్టముక్కలతో, ఇంకా విప్పని ప్లాస్టిక్ కవరుతో.