బంధుత్వం లేదని రాసిన ఉత్తరం

నెస్టర్ నాకు ఏమీ కాడని కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నారు. ఆ మాట చెప్పడానికి వచ్చింది మా ఆడపడుచు కొడుకు రోంగో. ఆఫీసులో పరదేశం వాళ్ళ దరఖాస్తులు చూసేది వాడే. నెస్టర్ ఇక్కడే ఉండిపోతానని పెట్టుకునే దరఖాస్తు కోసం నేను రాసిచ్చిన ఉత్తరాన్ని తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"కొడుకని రాశావేంటత్తా?"

"కొడుకులాంటివాడు కాబట్టి రాశాను."

"లాంటివాడని రాయలేదు. కొడుకనే రాశావు. కొడుకంటే బంధువు. బంధువులిచ్చిన ఉత్తరం చెల్లదు. ఏ సంబంధమూ లేనివాళ్ళు రాయాలి."

"వాణ్ణి నేను కన్లేదని నీకు తెలీదూ?"

"నాకు తెలుసు. పైన కూర్చున్నాయనకి తెలీదు. పైగా వాడి పెళ్ళాం మీ వాకిట్లో పడుకునుంది. వాకిట్లో పరాయివాళ్ళని ఎవరైనా పెట్టుకుంటారా? ఆయన అడిగింది అదే."

పళ్ళెంలో ఉన్న రెండు డోనట్లూ తినేసి, శుక్రవారంలోగా కొత్త ఉత్తరం కావాలని చెప్పి, స్కూటరెక్కి పోయాడు.

మా రారోటోంగా దీవి వాళ్ళం చేసే తప్పే ఇది. కన్నా కనకపోయినా, మా చేతి తిండి తిన్నవాళ్ళని మా పిల్లలనే అంటాం. ఆఫీసు కాగితం మీద కూడా అదే రాసేశాను.

నెస్టర్ ఫిలిప్పీన్స్ నుంచి స్కూటర్లు బాగుచేసే పనికి వచ్చాడు. భార్య రోవెనా హోటల్లో దుప్పట్లు ఉతికేది. నా వెనక గదిలో అద్దెకు దిగి పదేళ్ళు దాటింది. ఏటా పని అనుమతి పొడిగించుకుంటూ ఎవరిచేతా ఒక మాట అనిపించుకోకుండా బతికారు. మూడేళ్ళ కిందట రోవెనా ఆ ఉతికే మిషన్ల మధ్యే కుప్పకూలింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయింది. మా దగ్గర పోయినవాళ్ళు ఇంటి ముందే సమాధుల్లో ఉంటారు. మా ఆయన మొకొరోవా పక్కన చోటుంటే అక్కడే పెట్టమన్నాను. ఆ రోజు నెస్టర్ ఏడవలేదు. తర్వాతా ఏడవలేదు. తినమంటే తింటాడు. ఆదివారం చర్చికి రమ్మంటే చొక్కా తొడుక్కుని వస్తాడు. పలకరిస్తే నవ్వుతాడు కూడా, మనిషి మాత్రం ఎక్కడో ఉంటాడు. వాణ్ణలా చూస్తే నాకు ఒళ్ళు మండేది.

పోయిన నెల నుంచి మండడం లేదు. నా కిడ్నీలు పాడయ్యాయని, ఇకమీదట మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకుంటూ బతకాలని, ఆ వైద్యం ఇక్కడ లేదని డాక్టరమ్మ చెప్పింది. ఆక్లండ్‌లో ఉన్న నా కూతురు టికెట్ కొనేసింది. ఏడుపూ రాలేదు, భయమూ వేయలేదు. ఇంటికొచ్చి చేమ ఆకులు కొబ్బరిపాలలో ఉడకేసుకున్నాను. నెస్టర్‌కి చెప్పలేదు. చెబితే "సరే" అంటాడని తెలుసు.

చట్టప్రకారం చాలా ఏళ్ళు ఉన్నవాళ్ళు ఇక్కడే ఉండిపోతామని అడగవచ్చు. వాడి అనుమతి నెలాఖరుతో అయిపోతుంది. వాడు పనిచేసే స్కూటర్ల షెడ్డు యజమాని దుకాణం మూసేస్తున్నాడు కాబట్టి ఇంక పొడిగించేవాడు లేడు. ఈ దరఖాస్తు వెళ్ళకపోతే నెస్టర్ వెళ్ళిపోవాలి. నేనెలాగూ వెళ్ళిపోతున్నాను. మనుషులు లేని ఇళ్ళ ముందు సమాధులు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఒక వానాకాలానికే తీగలు కప్పేస్తాయి, పందులు వచ్చి తవ్విపోస్తాయి.

సాయంత్రం నెస్టర్ పని నుంచి వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు.

"ఉత్తరం తిప్పి పంపారు. మళ్ళీ రాయాలి," అన్నాను.

"వద్దులే పెద్దమ్మా. పంపేస్తే పోతాను. నాకు అక్కడైనా ఒకటే, ఇక్కడైనా ఒకటే."

"మరి రోవెనా?"

గోళ్ళలో ఇరుక్కున్న గ్రీజు చూసుకున్నాడు. "దానికీ ఒకటే కదా ఇప్పుడు."

ఇంకొకప్పుడైతే ఆ మాటకి చెంప పగలగొట్టేదాన్ని. చెయ్యి లేవలేదు. కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాను. రాశాక చదివి వినిపించాను.

"నెస్టర్ నా ఇంట్లో అద్దెకు ఉంటున్నాడు. నెమ్మదస్తుడు. ఇతనికీ నాకూ ఏ బంధుత్వమూ లేదు."

సంతలో అరటిపళ్ళ ధర చెబుతున్నట్టే ఉంది నా గొంతు.

"బాగుంది," అన్నాడు.

"బాగుందా?"

"ఈసారి తిప్పి పంపరు."

ఇంక దాచబుద్ధి కాలేదు. "పై బుధవారం నేను ఆక్లండ్ పోతున్నాను. కిడ్నీలు పోయాయి. ఇంక ఉండడానికి రాను."

నెస్టర్ నా వైపు తిరిగాడు. "ఎప్పుడు తెలిసింది?"

"పోయిన నెల."

"నాకు చెప్పలేదు."

"చెబితే సరే అంటావు."

నిజంగానే సరే అనబోయి ఆగాడు. "ఉండడానికి రానంటే?"

"పెట్టెలో వస్తాను. మా ఆయనకి అవతలి పక్క నా చోటుంది."

"గొయ్యి ఎవరు తవ్వుతారు?"

"కొడుకులు తవ్వాలి. నాకున్నది కూతురు. రోంగో తవ్వుతాడేమోలే, రెండు పారలు తవ్వి తిండెక్కడని అడుగుతాడు."

నెస్టర్ నవ్వలేదు. కిటికీలోంచి వాకిలి వైపు చూశాడు. "వాకిలంతా పగడపు రాయే. రోవెనాకి తవ్వినప్పుడు చూశాను. అది రోంగో వల్ల కాదు."

దరఖాస్తు ముందుకు లాక్కున్నాడు. ఇక్కడే ఎందుకు ఉండాలనుకుంటున్నారో రాయాల్సిన చోటు వారాలుగా ఖాళీగా ఉంది. అందులో ఏదో రాశాడు. ఏం రాశావని నేను అడగలేదు.

"శుక్రవారం దాకా ఎందుకు? రేపే ఇచ్చేస్తాను," అన్నాడు. రోవెనా పోయాక వాడి నోట రేపనే మాట వినడం అదే మొదలు.

మర్నాడు తిరిగి వచ్చేటప్పుడు షెడ్డు నుంచి గడ్డపార తెచ్చాడు.

"తీసుకున్నారు. కబురు వచ్చేదాకా ఉండొచ్చన్నారు. నువ్వు వెళ్ళేలోపు పైరాయి పగలగొట్టి ఉంచుతాను, తర్వాత మట్టి తేలిగ్గా వస్తుంది. చోటెక్కడో చూపించు పెద్దమ్మా."

చెప్పులేసుకుని వెళ్ళి, సరిగ్గా ఎక్కడో నిలబడి చూపించాను. అక్కడ నిలబడ్డాక నాకు ఏడుపొచ్చింది. నెస్టర్ గడ్డపార కింద పెట్టి, నేను ఏడ్చినంతసేపూ నా పక్కన నిలబడ్డాడు.