నిప్పు వెనక్కి పోతోంది

మా మామగారికి చెవుడు. గ్రైండర్ల మోతలో ముప్పై ఏళ్లు నిలబడి తెచ్చుకున్న చెవుడు. ఆయనతో గుట్టుగా ఏదీ మాట్లాడలేం. "కూరలో ఉప్పు చాలిందా?" అని నేనడిగితే పక్కింటివాళ్లు "చాలింది" అంటారు.

మా వర్క్‌షాపులోకి లోహం కోసే లేజర్ మెషీన్ వచ్చాక, గ్యాస్ మంటతో కోసి గరుకు అంచుల్ని గ్రైండర్‌తో నున్నగా అరగదీసే ఆయన పని పోయింది. ఆ మెషీన్ నేర్చుకుని దాని ముందు నిలబడింది ఎవరయ్యా అంటే ఆయన కోడల్ని, నేనే. ఆయన ఒక్క మాటా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది నాకు.

ఆరోజు ఆస్పత్రి మంచాలకు బిగించే స్టీలు పలకలు కోయాలి. కస్టమరు పంపింది ఒకటే షీటు. అది పాడుచేస్తే మెషీన్ మీద వేరేవాళ్లని పెడతానని ఓనరు పొద్దున్నే తేల్చి చెప్పాడు. నా ఖర్మ, మొదటి ముక్క షీటు నుంచి ఊడి రాలేదు. పవర్ పెంచాను, కరిగిన లోహాన్ని ఊదేసే గ్యాస్ పెంచాను. రెండోదీ అంతే. ఇంకొకటి పోతే ఆర్డరుకు సరిపడా పలకలు రావు. దేవుడికి దండం పెట్టుకుని మూడోది మొదలుపెట్టాను.

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డారు మామగారు, నేను మర్చిపోయిన టిఫిన్ క్యారియర్ పట్టుకుని. మెషీన్ అద్దంలోంచి వంగి చూశారు. చూసి, వర్క్‌షాపు దద్దరిల్లేలా అరిచారు.

"అమ్మాయ్! నిప్పు వెనక్కి పోతోందే! తొందరపడుతున్నావ్!"

"నెమ్మదిగా, మామయ్యా!" అన్నాను పళ్లు నూరుతూ.

"నేను చెప్పేదీ అదేగా, నెమ్మదిగా!"

ఓనరు గదిలోంచి బయటికొచ్చాడు. అయిపోయింది నా పని అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, గంటలో ముగించి ఓనరు నోరు మూయించాలని స్పీడు పెంచింది నేనే. రవ్వలు షీటు కింద నిటారుగా దిగాలి. వెనక్కి సాగుతున్నాయంటే, అడుగుదాకా తెగకముందే ముందుకు లాగేస్తున్నామన్నమాట. మంటతో ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఆమాత్రం తెలియదా! స్పీడు తగ్గించాను. రవ్వలు తిన్నగా దిగాయి. ముక్క టంగుమని కింద పడింది. ఓనరు దాన్ని చూసి, "ఊఁ, కానివ్వు" అని వెళ్లిపోయాడు.

మామగారు ఆ పలకని చేతిలోకి తీసుకుని అంచు వెంబడి బొటనవేలు నడిపారు. మళ్లీ నడిపారు.

"దీన్ని గ్రైండింగ్ చెయ్యక్కర్లేదా?"

"అక్కర్లేదు, మామయ్యా!" అరిచాను.

"అయితే నీ చెవులు నీకు మిగుల్తాయి," అన్నారు. ఆయన గొంతు అంత చిన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు. "ఇది వచ్చిన రోజే అనుకున్నా. నా పని పోతే పోయింది, పిల్ల చెవులు దక్కాయని."

ఇన్నాళ్లూ ఆయన మనసులో ఏదో పెట్టుకున్నారనుకున్నాను. పెట్టుకున్నది ఇదీ! ఏడుపు ఆగలేదు.

"మీ మేలు మర్చిపోను, మామయ్యా," అన్నాను.

అరవడం మర్చిపోయాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఆఁ?" అన్నారు.

ఈసారి వర్క్‌షాపులో అందరూ పనాపి చూసేలా అరిచాను.